నెలలు నిండని శిశువు కన్ను - కృత్రిమ మేధ

కృత్రిమ మేధ వైద్యుని మించినదను వార్త పత్రికలలో తరచు కనిపించుచున్నది. అట్టి వార్త ఒకటి చూపి మా విద్యార్థి ఒకడు, “ఇక పిల్లల వైద్యులతో పని లేదా సార్?” అని అడిగినాడు. ప్రశ్న చిన్నదే గాని ఒక మాటలో తేలునది కాదు. పిల్లల వైద్యము అనుటయు, కృత్రిమ మేధ అనుటయు చాల విశాలమైన మాటలు. వానిని గాలిలో తూచినచో త్రాసు మన ఇష్టము వచ్చిన వైపునకు మొగ్గును. కనుక ఒక రోగమును, దానిని గుర్తించుటకు తయారైన ఒక యంత్రమును, ఆ యంత్రమును గూర్చి అచ్చయిన అంకెలను మాత్రము తీసికొని పరిశీలింతము. రోగము నెలలు నిండక పుట్టిన శిశువుల కంటికి వచ్చునది. ఇంగ్లీషులో దీనిని రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ అందురు, ఆర్.ఓ.పి. అని పొడిమాట.

కంటి లోపలి గోడకు పూసినట్లుండు సున్నితమైన పొర రెటీనా. ఫోటో తీయు పెట్టెలో ఫిల్ము ఎట్టిదో కంటిలో ఇది అట్టిది. గర్భస్థ శిశువు కంటిలో, నాలుగవ నెల దగ్గర, చూపునరము కంటిలో ప్రవేశించు చోటు నుండి రక్తనాళములు రెటీనాపై అల్లుకొనుట ఆరంభించును. అవి అంచు వరకు చేరుటకు దాదాపు తొమ్మిది నెలలును పట్టును. ఏడవ నెలలో పుట్టిన శిశువునకు ఈ అల్లిక సగములో ఉండును. గర్భములో ఉన్నప్పటి కంటె బయట ఆక్సిజన్ ఎక్కువ. దానిపై ఊపిరితిత్తులు పండలేదని గొట్టము ద్వారా మరికొంత ఇచ్చుదురు. అవసరమునకు మించి ఆక్సిజన్ అందగానే రక్తనాళముల పెరుగుదల ఆగిపోవును. కొన్ని వారములు గడచిన పిమ్మట, రక్తము చేరని రెటీనా భాగము ఎదుగుచు తనకు ఆక్సిజన్ చాలుట లేదని వి.ఇ.జి.ఎఫ్. అను మాంసకృత్తును అధికముగా విడుదల చేయును. అది రక్తనాళములను పెరుగుమని ప్రేరేపించు పదార్థము. అప్పుడు పుట్టు నాళములు క్రమము లేనివి, బలము లేనివి. అవి కారును, చిట్లును, మచ్చకట్టును. మచ్చ ముడుచుకొన్నప్పుడు రెటీనాను గోడ నుండి ఊడలాగును. అంతవరకు వచ్చినచో చూపు తిరిగి వచ్చుట బహు అరుదు. అంతకు ముందే కనిపెట్టి లేసరు కిరణములతో గాని, వి.ఇ.జి.ఎఫ్.ను అణచు మందును కంటిలోనికి సూదితో ఎక్కించి గాని చికిత్స చేసినచో ఎక్కువమంది శిశువులలో చూపును నిలుపవచ్చును. ఈ అవకాశము కొద్ది దినములు మాత్రమే ఉండును. చికిత్స అవసరమని తేలిన పిమ్మట రెండు మూడు దినములలో అది జరిగిపోవలెను.

ఈ రోగము చరిత్రను కొంచెము వివరముగా చెప్పక తప్పదు. 1942లో బోస్టనులో టెర్రీ అను నేత్రవైద్యుడు దీనిని మొదట వర్ణించినాడు. నెలలు నిండని శిశువులను బ్రదికించుటకు మూసిన పెట్టె వంటి ఇన్‌క్యుబేటర్లు వచ్చి, వానిలోనికి ఆక్సిజన్ ధారాళముగా పంపుచున్న కాలమది. వాడినవారి ఉద్దేశము మంచిది. శిశువులు బ్రదికినారు కూడ. కాని తరువాతి పదేండ్లలో ప్రపంచములో సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయినది. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు. కారణము ఎవరికిని తోచలేదు. మంచి పరికరములు గల ఆసుపత్రులలోనే ఈ గ్రుడ్డితనము ఎక్కువగా ఉండుట వలన అనుమానము పరికరముల మీదికి పోలేదు. 1951లో ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరమునకు చెందిన కేట్ క్యాంప్‌బెల్ అను శిశువైద్యురాలు పిల్లల కండ్లను మాత్రమే గాక, పిల్లలు ఉన్న వార్డులను ఒకదానితో ఒకటి పోల్చి చూచినది. ఆక్సిజన్ ధారాళముగా ఇచ్చిన చోట రోగము ఎక్కువగాను, పొదుపుగా ఇచ్చిన చోట తక్కువగాను కనబడినది. 1953-54లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలసి చేసిన ప్రయోగము, 1956లో ప్రచురితమై, ఈ సంగతిని రూఢిపరచినది.

కథ అంతటితో ముగియలేదు. ఆక్సిజన్‌ను బాగుగా తగ్గించివేసినారు; గ్రుడ్డితనము తగ్గినది. కాని 1973లో క్రాస్ అను ఆంగ్లేయుడు లెక్కలు కట్టి, ఒక శిశువు చూపు దక్కినందుకు సుమారు 16 మంది శిశువులు ప్రాణవాయువు చాలక మరణించి యుందురని అంచనా వేసినాడు. ఇది నేటికిని తీరని చిక్కు. 2010లో వెలువడిన అమెరికా ప్రయోగములో, రక్తములో ఆక్సిజన్ సంతృప్తత 85-89 శాతము మధ్య నిలిపిన శిశువులకును, 91-95 శాతము మధ్య నిలిపిన శిశువులకును ఫలితములు పోల్చినారు. తక్కువగా నిలిపినవారిలో తీవ్రమైన కంటిరోగము 8.6 శాతమునకును, ఎక్కువగా నిలిపినవారిలో 17.9 శాతమునకును కలిగినది. ఇంతవరకు చదివి ఆగినవాడు తక్కువగా ఇచ్చుటయే మేలనును. మరణములు చూడుడు: తక్కువ వారిలో 19.9 శాతము, ఎక్కువ వారిలో 16.2 శాతము. కన్నును, ప్రాణమును ఒకే త్రాసులో ఉన్నవి. ఈ రెండు అంకెలు మనకు ముందు పనికివచ్చును.

ఇక యంత్రము సంగతి. యంత్రమని వాడుకగా అనుచున్నాను గాని ఇది కంప్యూటరులో నడచు ఒక గణన విధానము. శిశువు కంటిని వైద్యుడు పరీక్షించునప్పుడు ముఖ్యముగా చూచునది రెటీనా మధ్య భాగములోని రక్తనాళములు ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నవా అని. ఈ లక్షణమునకు ప్లస్ వ్యాధి అని పేరు. ఇది కనబడినదనిన చికిత్సకు వేళ అయినదని అర్థము. ఎంత మెలిక తిరిగిన ప్లస్ అనవలెను? దీనికి కొలబద్ద 1980ల నాటి ఒక ప్రమాణ ఛాయాచిత్రము. దానితో పోల్చుకొనుట వైద్యుని కంటికి వదలిన పని. 2007లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 34 చిత్రములను 22 మంది నిపుణులకు చూపి ప్లస్ అవునా, కాదా అని మాత్రమే అడిగినారు. 22 మందియు ఏకాభిప్రాయమునకు వచ్చినది 7 చిత్రములలోనే. దిద్దుటకు ఇచ్చిన 34 సమాధానపత్రములలో 27 చోట్ల పాస్, ఫెయిలు అను విషయముననే పరీక్షకులు తగవులాడినట్లు ఊహించుకొనుడు.

ఈ తగవును తీర్చుటకు అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయముల వారు కలసి ఐ-ఆర్.ఓ.పి. అను పేర తయారు చేసిన విధానమును 2018లో ప్రకటించినారు. ఇందులో రెండు కృత్రిమ నాడీజాలములు ఒకదాని వెనుక ఒకటి పని చేయును. మొదటిది కంటి ఫోటోలో రక్తనాళములను మాత్రము ఏరి నలుపు తెలుపులలో పటము గీయును. రెండవది ఆ పటమును చూచి సాధారణము, ప్లస్‌కు ముందు దశ, ప్లస్ అను మూడింటిలో ఒక గూటిలో వేయును. ఈ రెండవ జాలము మొదట కుక్కలు, పక్షులు, బండ్లు మొదలగు లక్షల సాధారణ చిత్రములపై అభ్యాసము చేసి, ఆ తరువాత 5,511 కంటి చిత్రములపై అభ్యాసము చేసినది. అభ్యాసమనగా తప్పు చెప్పిన ప్రతిసారి లోపలి గుణకములను కొద్దిగా సవరించుటయే. ఇది రోగమనగా నేమో తెలిసి చెప్పుట కాదు. మనవారు దేనిని ప్లస్ అన్నారో దానిని పోలినదానిని ప్లస్ అనుట. కొత్తగా ఇచ్చిన 100 చిత్రములలో ఇది 91 సరిగా చెప్పినది. అవే చిత్రములపై ఎనిమిది మంది నిపుణుల సగటు 82. ఎనిమిదిమందిలో ఆరుగురిని యంత్రము మించినది. పత్రికలకెక్కిన మాట ఇదియే.

ఈ పనిని నేను తేలికగా చూచుట లేదు. 22 మంది నిపుణులు 22 దారులు పట్టుచున్న చోట, సోమవారము చెప్పినదే శనివారమును చెప్పు పరీక్షకుడు దొరకుట సామాన్యమైన లాభము కాదు. కాని ‘సరిగా చెప్పినది’ అన్నప్పుడు సరియైన సమాధానము ఎక్కడ నుండి వచ్చినది? ముగ్గురు నిపుణులు చిత్రములు చూచి చెప్పిన అభిప్రాయములను, శిశువును స్వయముగా పరీక్షించిన వైద్యుని నిర్ణయముతో కలిపి కూర్చినది. అనగా యంత్రము కొందరు నిపుణుల ఉమ్మడి అభిప్రాయమునకు మిగిలిన నిపుణుల కంటె దగ్గరగా ఉన్నది. అభ్యాసము కూడ అట్టి అభిప్రాయముల మీదనే జరిగినది గనుక ఇందులో ఆశ్చర్యము లేదు. ఒక పరీక్షక బృందము దిద్దిన పత్రములు వేలకొలది చూచి నేర్చుకొన్నవాడు ఆ బృందము వలె మార్కులు వేయును. అంతమాత్రమున పాఠము వారికంటె బాగుగా వచ్చినదనరాదు. ప్లస్ అనునది గీత గీచి విడదీయదగినది కాదని, అది క్రమముగా పెరుగు ఒక వరుస అని, 2021లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణము ఒప్పుకొన్నది. ఈ మార్పునకు ఇటువంటి యంత్రముల పరిశోధన కూడ తోడ్పడినది. అది వాని ఖాతాలో వేయవలసిన మంచి.

రెండవ సంగతి తరగతి గదిలో నల్లబల్ల మీద చేసి చూపదగినది. ఆ 5,511 చిత్రములలో ప్లస్ ఉన్నవి నూటికి సుమారు 3. యంత్రమునకు ప్లస్ ఉన్నదానిని పట్టుకొను శక్తి 93 శాతము, లేనిదానిని లేదని విడిచిపెట్టు శక్తి 94 శాతము అని ప్రకటించినారు. వేయి చిత్రములు తీసికొందము. ప్లస్ ఉన్నవి 30. వానిలో 28 పట్టుబడును, 2 జారిపోవును. లేనివి 970. వానిలో 6 శాతము, అనగా 58 చిత్రములకు యంత్రము పొరపాటున ప్లస్ అనును. మొత్తము ప్లస్ అన్నవి 86. వానిలో నిజమైనవి 28. యంత్రము కేక వేసిన ప్రతి మూడుసార్లలో రెండుసార్లు పులి లేదు. తొంబది పై చిలుకు శాతములు రెండు చూచిన విద్యార్థి ఇట్టి ఫలితమును ఊహింపడు. రోగము అరుదైనప్పుడు ఇట్లే జరుగును. ఇది దోషము కాదు, గణితము. కాని కేక విన్న పిమ్మట పరుగెత్తి వచ్చి చూచుటకు వైద్యుడు కావలెనని మాత్రము దీనివలన తేలుచున్నది. మా విద్యార్థి ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే దొరకినది.

‘నూటికి నూరు’ అను అంకె కనబడినప్పుడు కూడ ఇట్టి లెక్కయే వేయవలెను. పదింట ఒక రోగిని జారవిడుచు యంత్రము ఒకటి ఉన్నదనుకొందము. 30 మంది రోగులను చూపినప్పుడు అది అదృష్టవశమున ఒక్కరినీ విడువకుండుట వంద పర్యాయములలో నాలుగుసార్లు జరుగును. 0.9ను ముప్పదిసార్లు గుణించి చూచుకొనవచ్చును.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. 2020లో భారతదేశములో సుమారు 30 లక్షల శిశువులు నెలలు నిండక పుట్టినారని అంచనా. ప్రపంచములో మరి ఏ దేశములోను ఇంతమంది లేరు. అమెరికాలో 1500 గ్రాములు లేక అంతకు లోబడిన బరువుతో గాని, 30 వారములకు గాని అంతకు ముందుగా గాని పుట్టిన శిశువులకు కంటి పరీక్ష తప్పనిసరి. మన దేశములో ఆ హద్దు 2000 గ్రాములు, 34 వారములు. ఎందుకనగా అక్కడ ఈ రోగము రాని పెద్ద శిశువులకు కూడ ఇక్కడ వచ్చుచున్నది. మన శిశువుల కండ్లు వేరు రకమైనవి కావు. వారికి అందుచున్న ఆక్సిజన్ వేరుగా ఉన్నది. పుట్టిన 30 దినములలోపల మొదటి పరీక్ష జరుగవలెను. 28 వారములలోపల పుట్టినవారికి గాని, 1200 గ్రాములకు తగ్గినవారికి గాని రెండు మూడు వారములకే జరుగవలెను.

ఈ నియమము తప్పినందున ఏమగునో ఒక న్యాయస్థానపు తీర్పు చెప్పుచున్నది. 1996లో చెన్నైలో 29 వారములకే ఒక ఆడశిశువు పుట్టినది. బరువు 1250 గ్రాములు. ఆసుపత్రిలో వారములకొలది ఇన్‌క్యుబేటరులో ఉన్నది. ఆక్సిజన్ ఇచ్చినారు. కంటిని పరీక్షించవలెనని తల్లిదండ్రులకు ఎవరును చెప్పలేదు. శిశువునకు రెండు కండ్లును పోయినవి. 2015లో సుప్రీం కోర్టు సుమారు 1 కోటి 80 లక్షల రూపాయలు పరిహారముగా ఇప్పించినది. ఆ శిశువు కన్నును చదువుటలో ఏ నిపుణుడును పొరపడలేదు. ఎవరును చదువనే లేదు. నూటికి 82 మార్కులు వచ్చు నిపుణుడైనను, 91 వచ్చు యంత్రమైనను తీయని ఫోటోను చూడజాలవు. యంత్రమును పొగడు వ్యాసములన్నియు ఫోటో తీసిన తరువాత మొదలగుచున్నవి. మన దేశములో చూపు పోవుచున్నది చాల భాగము అంతకు ముందే.

ఫోటో తీయించుటయే పనిగా పెట్టుకొన్నవారు మన దేశములో లేకపోలేదు. హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరములలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు 1990ల చివరి నుండి శిశువుల వార్డులకే వెళ్లి పరీక్షించు కార్యక్రమము నడిపినారు. కర్ణాటకలో 2008లో మొదలైన కిడ్‌రాప్ కార్యక్రమములో శిక్షణ పొందిన సాంకేతికులు కెమేరాను బండిలో పెట్టుకొని జిల్లా ఆసుపత్రులకు తిరుగుదురు. నిపుణుడు దూరముగా కూర్చుండి చిత్రములు చూచును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో ఈ రోగమును చేర్చినారు. ఇట్టి ఏర్పాటు ఉన్న చోట చిత్రములు కుప్పలుగా వచ్చును, చూచు నిపుణులు కొద్దిమంది. అక్కడ యంత్రమునకు నిజమైన పని ఉన్నది. ఏర్పాటు లేని చోట యంత్రము కొన్నవారు కెమేరాను, దానిని పట్టుకొను మనిషిని, బండి పెట్రోలును, లేసరు చికిత్స చేయు వైద్యుని కూడ కొనవలెను. మరియు ఒక చిన్న చిక్కు: ఐ-ఆర్.ఓ.పి. అభ్యాసము చేసినది రెట్‌క్యామ్ అను ఖరీదైన కెమేరా చిత్రములపై. మన దేశములో తయారగు చవక కెమేరాల చిత్రముల రంగు, వెడల్పు వేరు. ఒకరి చేతివ్రాతకు అలవాటు పడినవాడు మరొకరి చేతివ్రాతను తడుముకొని చదువునట్లు యంత్రము కూడ తడబడవచ్చును. పరీక్షించి చూడక నమ్మరాదు.

ఇంతవరకు నేను చెప్పినది ఎక్కువగా యంత్రమునకు ప్రతికూలము. దానికి అనుకూలముగా నాకు కనబడిన బలమైన సాక్ష్యము 2021లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన. తమిళనాడులోని అరవింద్ నేత్ర వైద్యశాల వారు దూరవైద్యము కొరకు సేకరించిన 363 మంది శిశువుల చిత్రములపై ఈ విధానమును పరీక్షించినారు. ఈసారి మూడు గూళ్లలో వేయుటకు బదులు యంత్రము ప్రతి కంటికి తీవ్రతను తెలుపు ఒక మార్కు వేసినది. చికిత్స కావలసిన వారిని ఒక్కరినైనను విడువలేదు. అక్కరలేనివారిలో 78 శాతమును సరిగా విడిచిపెట్టినది. అమెరికా శిశువుల మీద నేర్చిన చదువు తమిళనాడు శిశువుల మీద చెల్లినదను మాట విశేషమే. నూటికి నూరు గూర్చి పైన వేసిన లెక్క మాత్రము ఇక్కడను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ పరిశీలనలోనే మరొక ఫలితము ఉన్నది. చిత్రములు వచ్చిన శిశు వార్డులన్నింటిలోను ఒకే పరికరములు లేవు. కొన్నింటిలో గాలిని, ఆక్సిజన్‌ను కావలసిన పాళ్లలో కలుపు బ్లెండరు, రక్తములోని ఆక్సిజన్‌ను చూపు పల్స్ ఆక్సిమీటరు ఉన్నవి, కొన్నింటిలో లేవు. లేని వార్డుల శిశువులకు యంత్రము వేసిన తీవ్రత మార్కులు ఎక్కువగా ఉన్నవి. పుట్టిన బరువును, వారములను లెక్కలోనికి తీసికొన్న తరువాత కూడ ఆ తేడా నిలిచినది. బ్లెండరు లేని చోట సిలిండరు నుండి వచ్చునది కలపని శుద్ధ ఆక్సిజనే. 1951లో క్యాంప్‌బెల్ చూపినది ఇదియే గదా! ఆమెకు కృత్రిమ మేధ లేదు. వార్డును వార్డుతో పోల్చవలెనను బుద్ధి ఉన్నది. డెబ్బది ఏండ్ల తరువాత యంత్రము అదే సంగతిని అంకెలలో, ఎవరి అభిప్రాయముతోను నిమిత్తము లేకుండ, వేలకొలది చిత్రముల నుండి చూపగలిగినది.

నా దృష్టిలో ఈ యంత్రము విలువ ఇక్కడ ఉన్నది. ‘ఈ శిశువునకు రోగము ఉన్నదా?’ అను ప్రశ్నకు అది నిపుణునికి సహాయకుడు మాత్రమే. ‘ఈ వార్డులో శిశువులకు ఆక్సిజన్ సరిగా ఇచ్చుచున్నారా?’ అను ప్రశ్నకు మాత్రము ఇంతవరకు సులభమైన జవాబు లేదు, ఇది ఇవ్వగలదు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చునప్పటికి కంటికి హాని జరిగియే ఉండును. రెండవదానికి జవాబు వచ్చినచో రేపు పుట్టబోవు శిశువునకు హాని తప్పింపవచ్చును. అయినను యంత్రములను అమ్మువారు, వార్తలు వ్రాయువారు మొదటి ప్రశ్ననే పట్టుకొని నిపుణునితో పందెము కట్టించుచున్నారు.

ఇందులో ఒక అపాయము కూడ లేకపోలేదు. వార్డులకు కంటి మార్కులు మాత్రమే వేసినచో, మార్కులు పెంచుకొనుటకు తేలికైన దారి ఆక్సిజన్‌ను కోసివేయుట. 1973 నాటి క్రాస్ లెక్క, 2010 నాటి 19.9, 16.2 శాతములు ఇందుకొరకే పైన చెప్పినాను. చనిపోయిన శిశువు కంటిని యంత్రమునకు ఎవరును చూపరు. ఆ వార్డు పట్టికలో అది మంచి మార్కుగానే కనబడును. కాబట్టి ప్రతి వార్డునకును తీవ్రత మార్కుల ప్రక్కన మూడు అంకెలు ఉండవలెను: పరీక్షింపవలసిన శిశువులలో 30 దినములలోపల పరీక్ష జరిగినది ఎందరికి, చికిత్స అవసరమైనవారిలో మూడు దినములలోపల అది అందినది ఎందరికి, ఆ బరువులో పుట్టినవారిలో మరణించినది ఎందరు. ఈ మూడింటిని సేకరించుటకు యంత్రము అక్కరలేదు, వార్డు రిజిస్టరు చాలును. తీవ్రత మార్కులను నెలకొకసారి ఈ రిజిస్టరుతో జోడించి, ఏ జిల్లాలో ఏ వార్డునకు ముందుగా బ్లెండరును, ఆక్సిమీటరును పంపవలెనో నిర్ణయించు ప్రయత్నము మన రెండు తెలుగు రాష్ట్రములలో ఒకటి రెండు జిల్లాలలోనైనను చేసి చూచినచో, ఐదారేండ్లలో ఫలితము తెలియగలదు.